మింగుడుపడని ముద్ద: జపాను వైద్యులు నేర్పిన నిదానం

‘నిదానమే ప్రధానం’ అనే సామెతను మన ఇళ్ళలో తొందరపాటు కూడదని చెప్పడానికి వాడుతాము. ఆయుర్వేదంలో నిదానమనే మాటకు వేరే అర్థం ఉన్నది. రోగానికి మూలమేమిటో విచారించి, అది ఏ రోగమో నిర్ణయించడమే నిదానం. ముప్పై సంవత్సరాలకు పైగా వైద్యవృత్తిలో ఉన్న నేను, సొంత అల్లుని విషయంలో మొదటి నిదానాన్ని చూసి మురిసిపోయి, రెండవ నిదానాన్ని విస్మరించాను. ఆ పొరపాటును పాఠకులతో పంచుకొనడం నా ధర్మమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా జపానులోని ఒసాకా నగరంలో స్థిరపడి, అక్కడి యువకుని వివాహమాడింది. 2019 సంక్రాంతికి దంపతులిద్దరూ తెనాలిలోని మా ఇంటికి వచ్చారు. పండుగ మూడు రోజులూ పంక్తిలో అందరికంటే చివర లేచినవాడు మా అల్లుడే. ప్రతి ముద్దనూ చాలాసేపు నమిలేవాడు. రెండు ముద్దలకొకసారి మంచినీళ్ళు త్రాగేవాడు. అరిసెను చిన్న చిన్న ముక్కలుగా త్రుంచి, పాలలో నానబెట్టి తినేవాడు. చపాతీ వడ్డిస్తే వినయంగా వద్దనేవాడు. “చూడండర్రా, ఆ దేశంవారి క్రమశిక్షణ! భోజనమంటే అలా చేయాలి” అని మా ఆవిడ మనుమలకు పాఠం చెప్పింది. నేనూ తల ఊపాను.

చరకుడు ఆహారవిధిని చెబుతూ అతి వేగంగా భుజించరాదన్నాడు. అతి ఆలస్యంగానూ భుజించరాదన్నాడు. ఆ ఉపదేశంలో మొదటి సగమే నాకు ఆనాడు జ్ఞాపకం వచ్చింది.

నేను చేసిన పొరపాటు

కనుమ నాడు గారెలు తింటూ అల్లుడు హఠాత్తుగా లేచి పెరట్లోకి వెళ్ళాడు. నేను వెనుకనే వెళ్ళాను. రొమ్ము ఎముక మీద అరచేయి పెట్టుకొని, కదలకుండా నిలబడి ఉన్నాడు. నీళ్ళు రెండు గుక్కలు త్రాగి, కొంతసేపటికి నవ్వుతూ తిరిగి వచ్చాడు. “ఛాతీలో మంటగా ఉంటుందా బాబూ?” అని అడిగాను. “అప్పుడప్పుడు ఉంటుంది, మామయ్యగారూ” అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు అంతా తెలిసిపోయినట్లు అనిపించింది. ఆమ్లపిత్తమని నిర్ణయించి అవిపత్తికర చూర్ణమూ, ధనియాలు జీలకర్రల కషాయమూ ఇచ్చాను. నాలుగు రోజులు మెత్తని అన్నం, పెసరకట్టు, మజ్జిగ పెట్టించాను. హాయిగా ఉందన్నాడు. చూర్ణం పొట్లం కట్టి ఒసాకాకు పంపాను.

తరువాత మూడు సంవత్సరాలు ఫోనులో అడిగినప్పుడల్లా అతని సమాధానం ఒక్కటే: “బాగుంది, మామయ్యగారూ.” ఆ ‘బాగుంది’లో మర్యాద ఎంతో, ఆరోగ్యమెంతో నేను విచారించలేదు.

దర్శన, స్పర్శన, ప్రశ్నలనే మూడు పరీక్షలను మన శాస్త్రం విధించింది. నేను చూశాను గాని అర్థం చేసుకొనలేదు. అడిగాను గాని, అడగవలసిన ప్రశ్న అది కాదు. మంట ఉందా అని అడిగిన నేను, ముద్ద దిగడానికి ఎంతసేపు పడుతున్నదని అడిగి ఉంటే సరిపోయేది.

ఒసాకాలో బయటపడిన రహస్యం

జపానులో ‘నింగెన్ డొక్’ అనే సంప్రదాయమున్నది. ‘నింగెన్’ అంటే మనిషి. ‘డొక్’ అంటే ఓడలను నిలిపి తనిఖీ చేసే రేవు. సముద్రయానం ముగిసిన ఓడను అడుగునుండి పైదాకా పరిశీలించినట్లే, ఏ బాధా లేని మనిషిని కూడా తలనుండి కాలిదాకా పరీక్షించే పద్ధతి ఇది. 1954లో టోక్యోలో ప్రారంభమైంది. ఆ దేశంలో జఠర క్యాన్సరు అధికం కావడంచేత, ఈ పరీక్షలో అన్నకోశాన్ని చూడడానికి ప్రాధాన్యమిస్తారు. జఠరం లోపలి భాగాన్ని ఫోటో తీసే కెమెరాను 1950లో తయారుచేసినదీ జపానువారే. 2016 నుండి పురపాలక సంస్థలు నిర్వహించే జఠర క్యాన్సరు పరీక్షలలోనూ ఎండోస్కోపీకి స్థానం లభించింది.

2022 శరదృతువులో, తన 41వ ఏట, మా అల్లుడు ఇట్టి పరీక్షకే వెళ్ళాడు. తనకు ఫలానా బాధ ఉన్నదని అతడు చెప్పలేదు. జఠరాన్ని చూడబోయిన వైద్యుడు దారిలో అన్నవాహిక వద్ద ఆగాడు. గొట్టం గోడల మీద నిలువుగా, నాగలి చాళ్ళవలె గీతలు కనిపించాయి. అక్కడక్కడా తెల్లని చుక్కలున్నాయి. వెంటనే పలుచోట్లనుండి చిన్న చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చిన తరువాత అల్లుణ్ణి కూర్చోబెట్టి, మధ్యాహ్న భోజనానికి మీకెంత సమయం పడుతుందని అడిగాడట. తోటి ఉద్యోగులు తిని బల్లల దగ్గరకు వెళ్ళిపోయిన తరువాత కూడా తాను తింటూనే ఉంటానని, చిన్ననాటినుండీ అలవాటేనని అల్లుడు చెప్పాడు.

ఆ మాట విన్న తరువాత అతని తల్లికి ఒక సంగతి స్ఫురించింది. జపానులో కొత్త సంవత్సరం నాడు ఉడికించిన జిగురు బియ్యాన్ని దంచి చేసిన ‘మోచి’ అనే జిగట ముద్దలను పులుసులో వేసుకొని తింటారు. కొడుకు ఏళ్ళ తరబడి మోచి తినడం మానివేశాడు. అది అతనికి రుచించదని ఆ తల్లి అనుకున్నది. అది అతని మర్యాద అని మేము అనుకున్నాము. రెండు దేశాలలో రెండు కుటుంబాలు ఒక వ్యాధిని స్వభావంగా భ్రమపడ్డాయి.

పేరులోని ఆమ్లం

వ్యాధి పేరు ఇసినోఫిలిక్ ఈసోఫేజైటిస్. జపాను భాషలో ‘కోసన్‌క్యూసెయ్ షోకుదోఎన్’ అంటారు. అల్లుడు ఆ అక్షరాలను కాగితం మీద వ్రాసి, ఒక్కొక్కదాని అర్థం వివరించి ఫోటో పంపాడు. మొదటి మూడు అక్షరాలకు అర్థం ‘ఆమ్లాన్ని ఇష్టపడే కణం’. ఆ మాట చూడగానే, నా ఆమ్లపిత్త నిర్ణయమే నిజమైందని క్షణకాలం సంతోషించాను. అదీ పొరపాటే.

ఇక్కడి ఆమ్లానికీ కడుపులోని ఆమ్లానికీ సంబంధం లేదు. 1879లో పాల్ ఎర్లిక్ అనే జర్మను వైద్యశాస్త్రవేత్త రక్తకణాలకు రంగులద్ది పరిశీలించినప్పుడు, ఒక జాతి తెల్లకణాలు ఇయోసిన్ అనే ఆమ్లగుణం గల ఎర్రని రంగును చక్కగా పట్టుకొన్నాయి. అందుచేత వాటికి ఇసినోఫిల్స్ అని పేరు వచ్చింది. రక్తపరీక్ష కాగితాల మీద ఈ పేరును మన పాఠకులు చూచే ఉంటారు. ఉబ్బసము, ఎలర్జీ, కడుపులో నులిపురుగులు ఉన్నవారిలో ఇవి పెరుగుతాయి.

ఈ కణాలు ఆరోగ్యవంతుల జఠరంలోనూ, ప్రేవులలోనూ కొద్దిగా ఉంటాయి. అన్నవాహికలో మాత్రం సాధారణంగా ఉండవు. కొందరి శరీరం పాలు, గోధుమ వంటి నిత్యాహారంలోని మాంసకృత్తులను శత్రువులుగా భావించి, ఈ కణాలను అన్నవాహిక గోడలలోకి పిలుస్తుంది. అవి అక్కడ చేరి, తమలోని తీక్ష్ణ పదార్థాలను విడుదల చేస్తాయి. గోడ వాచి మందమవుతుంది. శోథ ఏళ్ళ తరబడి కొనసాగితే మృదువుగా సాగవలసిన గొట్టం బిరుసెక్కి, క్రమంగా ఇరుకవుతుంది. అన్నం తిన్న వెంటనే దద్దుర్లు, ఊపిరాడకపోవడం వంటివి తెచ్చే ఎలర్జీకి భిన్నంగా, ఇది నెమ్మదిగా, నిశ్శబ్దంగా సాగుతుంది. కాబట్టి ఫలానా వస్తువు పడలేదని రోగి గుర్తించలేడు. మన శాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇది అన్నవహ స్రోతస్సును ఆశ్రయించిన అసాత్మ్య శోథ. ఈ పోలిక అవగాహన కోసమే. ప్రాచీనులు ఈ వ్యాధిని ఇదే రూపంలో వర్ణించారని నేను చెప్పడం లేదు.

జపాను రోగులలో విశేషాలు

ఇది ప్రత్యేక వ్యాధియని పాశ్చాత్య వైద్యులు గుర్తించినది 1993, 1994 సంవత్సరాలలోనే. జపానులో తొలి రోగి వివరాలు 2006లో ప్రచురితమయ్యాయి. ఇజుమో పట్టణంలో వైద్యకళాశాల గల షిమానే విశ్వవిద్యాలయ వైద్యులు ఆ వివరాలు ప్రకటించారు. 2011లో ఆ ప్రాంత వైద్యులే 23,346 మందికి చేసిన ఎండోస్కోపీలను పరిశీలించగా నలుగురిలో ఈ వ్యాధి బయటపడింది. లక్షకు 17 మంది చొప్పున అన్నమాట. అదే పాశ్చాత్య దేశాలలో ఈ వ్యాధి అప్పటికే ఎక్కువగా కనిపిస్తున్నది.

2013లో వెలువడిన దేశవ్యాప్త పరిశీలన మరొక విశేషాన్ని చూపింది. ఈ కణాలు అన్నవాహికలో చేరినవారు అందులో 26 మంది ఉండగా, జఠరంలోనో ప్రేవులలోనో చేరినవారు 144 మంది ఉన్నారు. పాశ్చాత్య దేశాలలో అన్నవాహిక రూపమే ఎక్కువ. జపానులో ఆనాటి లెక్క అందుకు విరుద్ధంగా ఉన్నది. తరువాతి సంవత్సరాలలో వైద్యుల దృష్టి పదునెక్కడంతో అన్నవాహిక రోగుల సంఖ్య ఆ దేశంలోనూ పెరుగుతూ వచ్చింది. 2015లో జపాను ప్రభుత్వం ఇసినోఫిల్ కణాల వలన కలిగే జీర్ణకోశ వ్యాధులను ప్రత్యేక సహాయానికి అర్హమైన దుస్సాధ్య వ్యాధుల జాబితాలో చేర్చింది.

జపాను రోగుల లక్షణాలను క్రోడీకరిస్తే ఈ అంశాలు కనిపిస్తాయి:

1. పురుషులే అధికం. ముప్పై నుండి యాభై ఏళ్ళు దాటిన వయస్సువరకు గల వారిలో తరచుగా బయటపడుతున్నది.

2. సుమారు సగం మందికి ఉబ్బసమో, ముక్కు ఎలర్జీయో, చర్మపు ఎలర్జీయో ఉంటుంది. మా అల్లునికి చిన్నతనంలో ఉబ్బసం ఉండేది. వసంతారంభంలో ‘సుగి’ చెట్ల పుప్పొడి గాలిలో వ్యాపించినప్పుడు జపానులో లక్షలాది మందికి తుమ్ములు పట్టుకుంటాయి. అతడూ వారిలో ఒకడు.

3. ముద్ద అడ్డుపడడంతో పాటు ఛాతీలో మంట, రొమ్ము వెనుక నొప్పి కూడా ఉండవచ్చు. అందుచేతనే ఆమ్లపిత్తమని పొరబడే అవకాశమెక్కువ.

4. ఆరోగ్య పరీక్షలలో బయటపడినవారిలో అనేకులు తమకు ఏ బాధా లేదని చెబుతారు. వారిలో కొందరికి నిజంగానే బాధ ఉండదు. మరికొందరు మా అల్లునివలె బాధకు అలవాటుపడి ఉంటారు.

5. అన్నవాహిక బాగా ఇరుకై, ఆహారం పూర్తిగా చిక్కుకొనిపోయే దశ పాశ్చాత్యులతో పోలిస్తే తక్కువ. కొందరిలో వ్యాధి క్రింది భాగానికే పరిమితమై ఉంటుంది.

6. జఠరంలో హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉన్నవారిలో ఈ వ్యాధి తక్కువగా కనిపించినట్లు జపాను పరిశీలనలు కొన్ని సూచించాయి. అయితే ఆ క్రిమి పుండ్లకూ, క్యాన్సరుకూ కారణం. దానిని ఉంచుకొనడం మేలని ఎవరూ అపార్థం చేసుకొనరాదు.

వ్యాధి నిర్ణయం ఎట్లా చేస్తారు?

2023 ఏప్రిల్‌లో నేను ఒసాకా వెళ్ళినప్పుడు, అల్లుని వెంట వైద్యుని దగ్గర కూర్చునే అవకాశం కలిగింది. మా అమ్మాయి తెలుగులో చెబుతుండగా, ఆ వైద్యుడు తెర మీద చిత్రాలు చూపుతూ వివరించాడు. నేను వైద్యుడినని తెలిసి, ఒక విద్యార్థికి చెప్పినంత ఓపికతో చెప్పాడు. విద్యార్థిగా ఉండడమే ఆనాడు నాకు తగిన స్థానం.

ఎండోస్కోపీలో వెతకవలసిన గుర్తులు అయిదు. మొదటిది నిలువు చాళ్ళు. జపాను రోగులలో అత్యధికంగా కనిపించేది ఇదే. రెండవది, ఒకదానిక్రింద ఒకటిగా గొట్టం చుట్టూ ఏర్పడే వలయాలు. ఇవి శ్వాసనాళపు ఉంగరాలను పోలి ఉంటాయి. మూడవది తెల్లని చుక్కలు. ఇవి బూజుజాతి క్రిమివలన కలిగే పూతను పోలి ఉండడంచేత అనుభవం లేని కన్ను పొరబడుతుంది. నాలుగవది వాపు. ఆరోగ్యకరమైన గోడమీద సన్నని రక్తనాళాలు స్పష్టంగా కనిపిస్తాయి. వాపు వచ్చినప్పుడు అవి పొగమంచులో చెట్లవలె మాయమవుతాయి. అయిదవది ఇరుకుదనం. ఈ అయిదింటికీ మార్కులు వేసి తీవ్రతను లెక్కించే పద్ధతి 2013 నుండి వాడుకలో ఉన్నది.

అయితే కంటికి కనిపించినంత మాత్రాన నిర్ణయం పూర్తి కాదు. కొందరి అన్నవాహిక పైకి మామూలుగానే ఉంటుంది. వ్యాధి గోడంతటా సమంగా వ్యాపించదు. ఒక చోట దట్టంగా, మరొక చోట ఏమీ లేనట్లు ఉంటుంది. కనుక పైభాగంనుండీ, క్రిందిభాగంనుండీ కలిపి కనీసం ఆరు ముక్కలు తీయడం మంచిదని చెబుతారు. సూక్ష్మదర్శినిలో శక్తిమంతమైన కటకం క్రింద కనిపించే ఒక్క వృత్తంలో 15 లేక అంతకు మించి ఇసినోఫిల్ కణాలుంటే, రోగి లక్షణాలు కూడా సరిపోతే, అప్పుడు వ్యాధి ఉన్నట్లు భావిస్తారు. ఇవే కణాలు పెరిగే ఇతర కారణాలను, అనగా క్రిముల సోకు, కొన్ని మందుల ప్రభావం, రక్తసంబంధ వ్యాధులు, జఠర ప్రేవులలోని ఇదే జాతి వ్యాధి, ఇవన్నీ లేవని చూసుకోవాలి.

రక్తంలో ఇసినోఫిల్స్ పెరిగాయా అని చూస్తే చాలదా అని నేను అడిగాను. చాలదన్నాడు. జపాను రోగులలో కొందరికే రక్తంలో పెరుగుతాయి. రక్తపరీక్ష బాగున్నంత మాత్రాన అన్నవాహిక బాగున్నట్లు కాదు. స్కానింగులో గోడ మందంగా కనిపించడం కొందరిలో సహాయపడుతుంది గాని, అదొక్కటే నిర్ణయాత్మకం కాదు.

ఉపశయమనే ఉచ్చు

మన నిదానపంచకంలో ‘ఉపశయం’ ఒకటి. నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అనేవి ఆ అయిదూ. ఏ ఔషధంతో, ఏ ఆహారంతో, ఏ విహారంతో రోగికి సుఖం కలిగిందో చూసి, దానినిబట్టి రోగాన్ని ఊహించడమే ఉపశయం. నేను చేసినది ఇదే. కషాయం ఇచ్చాను, హాయిగా ఉందన్నాడు, కనుక ఆమ్లపిత్తమే అనుకొన్నాను. ఆ నాలుగు రోజులూ మెత్తని భోజనం పెట్టించినది నేనే. హాయికి కారణం నా చూర్ణమా, పెసరకట్టా అని ఆలోచించలేదు.

ఆధునికులూ ఇట్టి ఉచ్చులోనే పడ్డారని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. 2007లో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం, ముందుగా ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ జాతి మందులు ఇచ్చి చూసేవారు. వాటితో తగ్గితే అది ఈ వ్యాధి కాదని భావించేవారు. అయితే జపానులోనూ, ఇతర దేశాలలోనూ ఎందరో రోగులకు ఆ మందులతోనే గుణం కనిపించింది. వారి లక్షణాలు, గోడమీది గీతలు, కణాల స్వభావం గుణం కనిపించనివారికంటే భిన్నంగా లేవు. ఆ మందులు ఆమ్లాన్ని తగ్గించడంతో పాటు, ఇసినోఫిల్స్‌ను పిలిచే రసాయన సంకేతాన్ని కూడా అణచగలవని ప్రయోగశాలలలో తేలింది. అందుచేత 2018లో అంతర్జాతీయ నిపుణులు ఆ నియమాన్ని తొలగించారు. నేడు ఆ మందులు చికిత్సలో భాగమే గాని వ్యాధి నిర్ణయానికి పరీక్ష కావు.

దీనినుండి మనమందరం నేర్చుకొనవలసినది ఉన్నది. మందుతో ఉపశమనం కలిగినంత మాత్రాన రోగమేదో తేలినట్లు కాదు. చూర్ణానికీ మాత్రకూ కూడా ఈ నియమం సమానమే.

చికిత్స, ఆహారం

మా అల్లునికి ఆమ్లాన్ని తగ్గించే మాత్రలే ముందుగా ఇచ్చారు. కొన్ని వారాల తరువాత మళ్ళీ ఎండోస్కోపీ చేసి, ముక్కలు తీసి చూడగా కణాలు చాలావరకు తగ్గాయి. బాధ తగ్గిందని రోగి చెప్పినా మళ్ళీ పరీక్షించడం అవసరం. ఎందుకంటే బాధకూ లోపలి శోథకూ ఎప్పుడూ పొంతన కుదరదు.

మాత్రలతో గుణం కనిపించనివారికి ఉబ్బసంలో పీల్చే స్టీరాయిడ్ మందును నోటిలోకి చల్లుకొని మింగమంటారు. మింగిన తరువాత అరగంటపాటు నీరుగాని ఆహారంగాని తీసుకొనరాదు. గొట్టం ఇరుకైనవారికి బుడగవంటి సాధనంతో వెడల్పు చేస్తారు. 2022లో అమెరికాలో డుపిలుమాబ్ అనే సూదిమందుకు ఈ వ్యాధికై అనుమతి లభించింది.

ఇక పథ్యం. పాలు, గోధుమ, గ్రుడ్లు, సోయా, గింజపప్పులు, చేపలు అనే ఆరు వర్గాలను మానిపించి, శోథ తగ్గిన తరువాత ఒక్కొక్కటిగా చేర్చి, మధ్యమధ్య ఎండోస్కోపీతో చూసుకుంటూ దోషిని పట్టుకొనే విధానమున్నది. ఇది అపథ్యాన్ని వెతికి పట్టుకొనడమే గనుక మనకు సుపరిచితమైన ఆలోచనే. కాని ఆచరణ కష్టం. మా వియ్యపురాలి వంటగదిలో నిలబడి చూసినప్పుడు ఆ కష్టం నాకు బోధపడింది. వారి సోయా సాసులో సోయాతో పాటు గోధుమ ఉంటుంది. మిసో అనే పులిసిన ముద్ద సోయాతో చేస్తారు. చాలా పులుసులకు ఆధారమైన ‘దాషి’ని సాధారణంగా కాచేది ఎండబెట్టిన చేప రజనుతో. ఈ మూడింటినీ తీసివేస్తే జపాను వంటలో మిగిలేది తెల్లన్నమే. మన ఇళ్ళలోనైనా పాలు, పెరుగు, నెయ్యి, చపాతీ, జీడిపప్పు ఒకేసారి మానమంటే అంతే అవస్థ. మా అల్లునికి మాత్రలతోనే గుణం కనిపించినందున ఈ కఠిన పథ్యం అవసరపడలేదు.

పిల్లలకు పెద్దలు తమంతట తాముగా ఇటువంటి పథ్యం పెట్టరాదు. పెరుగుదల కుంటుపడుతుంది. వైద్యుని, ఆహార నిపుణుని పర్యవేక్షణ తప్పనిసరి.

ఆలస్యం చేస్తే?

స్విట్జర్లాండు వైద్యులు 2013లో ప్రకటించిన వివరాలు గమనార్హం. బాధ మొదలైన రెండేళ్ళలోపు వ్యాధిని గుర్తించినవారిలో సుమారు 17 శాతం మందికి అన్నవాహిక ఇరుకైంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆలస్యమైనవారిలో ఇది సుమారు 71 శాతం. ఈ లెక్కలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా పొట్లం వలన మూడేళ్ళు గడిచాయి. ఇరుకుదనం ఏర్పడకపోవడం మా అదృష్టం. అందులో నా వైద్యం గొప్పతనమేమీ లేదు.

మన ఇళ్ళలో గమనించవలసినవి

ఈ వ్యాధి మన దేశంలోనూ ఉన్నది. కుటుంబంలో ఎవరైనా ఈ క్రింది విధంగా ప్రవర్తిస్తుంటే, దానిని అలవాటని కొట్టివేయక శ్రద్ధగా గమనించండి.

* ప్రతి ముద్దకూ నీళ్ళు త్రాగడం
* అన్నీ చారులోనో, మజ్జిగలోనో నానబెట్టుకొని తినడం
* అందరికంటే భోజనం చాలా ఆలస్యంగా ముగించడం
* చపాతీ, మాంసం, గట్టి పిండివంటలు తప్పించుకొనడం
* పిండి అయ్యేదాకా అతిగా నమలడం
* మాత్రలు మింగడానికి జంకడం

వీటితో పాటు ఉబ్బసమో, ఎలర్జీయో ఉంటే అనుమానం మరింత బలపడుతుంది. జీర్ణకోశ వ్యాధుల నిపుణుని సంప్రదించండి. ఎండోస్కోపీ చేసేటప్పుడు, ముద్ద అడ్డుపడుతున్నదని స్పష్టంగా చెప్పండి. గోడ మామూలుగా కనిపించినా ముక్క తీసి చూడవలసి ఉంటుందేమో అడగండి.

ముద్ద అడ్డుపడినప్పుడు మన ఇళ్ళలో పొడి అన్నపు ముద్దనో, అరటిపండునో మింగించే అలవాటున్నది. అది ప్రమాదకరం. అడ్డుపడిన దానిపై మరొకటి తోయడమే అవుతుంది. నిటారుగా కూర్చోబెట్టి కొద్దిసేపు వేచి చూడండి. లాలాజలం కూడా మింగలేకపోతే, లేదా ఛాతీ నొప్పి తీవ్రంగా ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. మాట రాక, ఊపిరాడకపోతే అది శ్వాసనాళంలో అడ్డు. ఒక్క క్షణం కూడా వృథా చేయరాదు.

మరి గృహవైద్యానికి స్థానం లేదా? ఉన్నది. గంజి, పెసరకట్టు, మెత్తగా ఉడికిన అన్నం రోగికి సుఖమిస్తాయి. భోజనంలో మాటలు తగ్గించి, చిన్న ముద్దలు తినడం మంచిది. ఏమి తిన్నప్పుడు ఏమైందో ఒక పుస్తకంలో వ్రాసుకొంటే వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది. అయితే ధనియాల కషాయమూ, జీలకర్ర నీరూ ఇసినోఫిల్స్‌ను తరిమివేస్తాయని నేను చెప్పలేను. వైద్యుడు ఇచ్చిన మందులను మాని వీటిని ఆశ్రయించరాదు. రెండు మూడు వారాలలో తగ్గని బాధకు వంటింటి మందును కొనసాగించడం, రోగాన్ని దాచిపెట్టడమే అవుతుంది.

చివరగా

2024 సంక్రాంతికి అల్లుడు మళ్ళీ తెనాలి వచ్చాడు. పంక్తిలో నా ప్రక్కనే కూర్చున్నాడు. గారె ఒకటి తిన్నాడు, రెండవది అడిగాడు. మధ్యలో నీళ్ళ గ్లాసు మీద చేయి వేయలేదు. నాకంటే ముందు తినడం ముగించి, నేను ముగించేదాకా మర్యాదగా కూర్చున్నాడు.

“ఈసారి బాగుందా బాబూ?” అని నేను అడగలేదు. “ముద్ద ఎంతసేపటికి దిగుతోంది?” అని అడిగాను. అతడు ఒక్క క్షణం ఆలోచించి, “ఇప్పుడు దిగేది తెలియడమే లేదు, మామయ్యగారూ” అన్నాడు.

అన్నవాహిక ఆరోగ్యానికి ఇంతకంటే మంచి నిర్వచనం ఏ గ్రంథంలోనూ నాకు కనిపించలేదు. అన్నం నోటిలో రుచి తెలియాలి, కడుపులో తృప్తి తెలియాలి. నడుమ ఉన్న దారి తెలియరాదు. తెలుస్తున్నదంటే నిదానించి చూడవలసిన సమయం వచ్చినట్లే.